సుల్తాన్‌తో చెప్పిన మాటలు

పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటేనే సుల్తాన్ నడుస్తుంది. మాట ఆగిందా, కాలు ఆగుతుంది. అలాంటి గాడిదను తెచ్చి, అవసరమైతే తప్ప నోరు విప్పని నర్సింగ్ చేతిలో పెట్టాడు తోట యజమాని అర్బాబ్.

గల్ఫ్ దేశంలో, ఉమ్ సలాల్ అనే ఊళ్ళోని ఆ తోటలో పాతకాలపు నీటి చక్రం ఉంది. గాడిద గుండ్రంగా తిరిగితే చక్రానికి కట్టిన కుండలు బావిలోంచి నీళ్ళు తెచ్చి కాలువలో పోస్తాయి. చలికాలమంతా ప్రతి శుక్రవారం దాని చుట్టూ చేతిపనుల సంత. కాలువ చివర ఖర్జూరపాకు బుట్టల దుకాణం. ఆకు తడిగా ఉంటేనే వంగుతుంది, ఎండితే విరుగుతుంది.

నీళ్ళు రాక ఆకు ఎండిపోయిందని బుట్టలల్లే అమ్మాయి మొదటి వారమే హిందీలో గయ్యిమంది.

"భయ్యా, పానీ కిధర్? పత్తా సూఖ్ గయా!"

అటూ ఇటూ మలయాళీ ఆడవాళ్ళు. ఈమెదీ కేరళే అనుకున్నాడు నర్సింగ్. మరి గాడిదతో తెలుగులో మనసు విప్పుకుంటే ఎవరికి తెలుస్తుంది?

"భయ్యా అన్నదిరా సుల్తానూ. పానం ఉసూరుమన్నది."

ఆమె తలవంచుకుని ఆకు చీలుస్తోంది.

మరో శుక్రవారం: "ఇయ్యాల ఆకుపచ్చ చున్నీ ఏసుకున్నది. నువ్వటు సూడకు, మేతనుకుంటవ్."

ఆమెకు దగ్గొచ్చింది.

ఇంకో వారం: "మా అవ్వ మలయాళం కోడలు వచ్చినా ఏమనది గని, కొబ్బరినూనె కూర తింటదా అని!"

ఆ రోజు ఆమె అల్లిన బుట్ట ఎందుకో వంకరపోయింది.

ఎండలు ముదిరాయి. చివరి సంత వచ్చింది. రేపటి నుంచి ఆమె దూరాన అల్ వక్రా ఊళ్ళో, తను ఇక్కడ. పేరైనా అడగాలని హిందీలో రెండు ముక్కలు కూడబలుక్కుంటూ నర్సింగ్ గాడిదను కాలువ వైపు తిప్పాడు. ఆమె ఫోన్‌లో ఉంది.

"ఆఁ అమ్మా, సంత ఇయ్యాలటితోని అయిపాయె. ఆ నిర్మల్‌ల ఉండే పిలగాని సంబంధం ముచ్చట రేపు చెప్త తియ్."

నర్సింగ్ నోరు అక్కడే ఆగింది. సుల్తాన్ ఆగింది. చక్రం ఆగింది. వీడియో తీద్దామని ఫోన్లు ఎత్తినవాళ్ళు అలాగే నిలబడ్డారు.

"నర్సింగ్! యల్లా!" కదలమని అర్బాబ్ కేక.

నర్సింగ్ తాడు లాగాడు, సుల్తాన్ కదల్లేదు. ఎండిన ఆకుల కట్టతో ఆమే లేచి వచ్చింది.

"ఏందయ్యా, ఇన్ని వారాలు నోరు మూయలె. ఇయ్యాలేమైంది?"

"నీకు... తెలుగొస్తదా?"

"మాది ఖానాపూర్. పేరు సునంద. అన్నీ గాడిదనే అడుగుతివి, నన్నొక్కపారన్న అడిగినవా?"

"అన్నీ ఇన్నవా?"

"కొబ్బరినూనె కూర దాక."

మొహం దాచుకుందామంటే గాడిద చెవులు చాల్లేదు.

"మరి ముందుగాల్నే చెప్పొద్దా?"

"చెప్తె నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవ్. నాకు నీళ్ళు బంద్." ఆమె గొంతు తగ్గింది. "రేపు మా అమ్మకు జవాబియ్యాలె. ఏమని చెప్పాల్నో ఎవలన్న చెప్తె బాగుండు. ఇగ నడిపియ్, ఆకు ఎండుతున్నది."

వెళ్ళి కూర్చుంది. ఈసారి తల దించలేదు.

నర్సింగ్ తాడు పట్టుకున్నాడు. సుల్తాన్ ఒక చెవి ఇటు తిప్పింది.

"సుల్తానూ... ఆ నిర్మల్ పిలగాన్ని వద్దనమను."

గాడిద రెండడుగులు వేసి ఆగింది.

"ఇనవడ్తలేదు! జర గట్టిగ!" కాలువ చివరి నుంచి అరుపు.

పుట్టి బుద్ధెరిగాక నర్సింగ్ అంత గట్టిగా మాట్లాడింది లేదు.

"వద్దనమను! మాది కడెమే, పక్కపొంటి ఊరే! రేపు మా అవ్వను ఖానాపూర్ తోలుతున్న! పిల్లనడగనీకి!"

సంతంతా తిరిగి చూసింది. అర్థమైంది ఒక్కరికే. సుల్తాన్ ఠీవిగా కదిలింది, చక్రం కిర్రుమంది, కుండలు ఒలికాయి. నీళ్ళు పాక్కుంటూ వెళ్ళి సునంద కాళ్ళను తాకాయి.

ఆమె ఆకును నీళ్ళలో ముంచి, మెల్లగా వంచి చూసుకుంది. విరగలేదు.

"సుల్తానూ," అంది తలెత్తకుండా, "మొదటి వారం భయ్యా అన్న మాట వాపస్ తీసుకున్ననని జర చెప్పు ఆయనకు."