ఏడో దీవికి తొమ్మిది నిమిషాలు

"మీరు నడుపుతున్నది విమానమా, రోడ్డు రోలరా?"

హెడ్‌సెట్‌లో వినబడ్డ మొదటి మాట అదే. వాచీ మెకానిక్‌కి ఒళ్ళు మండింది. అతను మాస్టారి మేడ మీదికి వచ్చింది ఆగిపోయిన గడియారం బాగుచేయడానికి. చేశాడు కూడా. "ఎగిరేటప్పుడు సరిగ్గా నడుస్తుందో లేదో చూడాలిగా, కూర్చో బాబూ" అంటూ మాస్టారు అతన్ని పైలట్ సీట్లో కూర్చోబెట్టేశారు.

మాస్టారు ముప్పై ఏళ్ళు విమానాల ఇంజన్ పని నేర్పి రిటైరయ్యారు. ఊరికే కూర్చోవడం చేతగాని మనిషి. ప్లైవుడ్డు, పాత ఇనుప సామాను పోగేసి రెండు ఇంజన్ల పాతకాలపు బాంబర్ ముందు భాగాన్ని గదినిండా కట్టారు. ఎదురుగా పెద్ద తెరలు, వాటిలో నీలి సముద్రం, కొబ్బరి చెట్ల దీవులు. బాంబర్ అన్నమాటే గానీ, బాంబులుండే చోట ఉత్తరాల సంచులున్నట్టు కంప్యూటర్‌కి చెప్పుకున్నారు. ఏడు దీవుల్లో దిగి ఉత్తరాలు అందించాలి. అదీ ఆట.

దారి చూపే జీపీఎస్ ఉండదు. మ్యాపు, దిక్సూచి, గడియారం, అంతే. పైలట్ పైన కూర్చుంటాడు, లెక్కలు వేసి దారి చెప్పే నావిగేటర్ కింద ముక్కు భాగంలో కూర్చోవాలి. మధ్యలో ప్లైవుడ్ గోడ కాబట్టి మొహాలు కనబడవు. వెనక బల్ల దగ్గర మాస్టారు మూడో హెడ్‌సెట్ పెట్టుకుని అంతా వింటారు గానీ, విమానం కూలబోతే తప్ప నోరు విప్పరు.

ఆ రోజు గోడ కింద నుంచి వినబడ్డ గొంతు మాస్టారి అమ్మాయిది. వారమంతా పళ్ళ డాక్టరు, ఆదివారం నావిగేటరు.

"ఎడమకి పది డిగ్రీలు అన్నాను. పదంటే పది. ఇరవై కాదు."

"నేను వాచీలు బాగుచేసేవాణ్ణండీ. ఇది అంత చిన్నగా తిరగదు."

"నేను రోజూ నోట్లో అరమిల్లీమీటరు పని చేస్తాను. నాకు కుదురుతుంది, మీకు కుదరదా?"

పంతానికి పోయి దీవి దాకా తీసుకొచ్చాడు. రన్‌వే కనబడింది. సంతోషంలో అసలు సంగతి మర్చిపోయాడు.

"చక్రాలు!" అని మాస్టారు అరిచేలోపే బాంబర్ పొట్ట మీద పాకుతూ వెళ్ళి కొబ్బరి తోటలో ఆగింది. కింద నుంచి నవ్వు. ఆ నవ్వు ఆగకముందే మన వాచీ మెకానిక్ పని అయిపోయింది. గోడ పక్క నుంచి ఆమె బయటికి వచ్చి, చెవి మీది పెన్సిల్ తీస్తూ, "పోస్టు మాత్రం పచ్చడైందండీ" అన్నప్పుడు ఇక చెప్పక్కర్లేదు.

వెళ్ళేముందు గడియారం వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇది... రెండు నిమిషాలు వెనక నడుస్తున్నట్టుంది మాస్టారూ. వచ్చే ఆదివారం మళ్ళీ చూడాలి."

అలా పన్నెండు ఆదివారాలు గడిచాయి. గడియారం మాత్రం బాగుపడలేదు. ప్రతివారం రెండు నిమిషాలు వెనకే. ఆమె అతన్ని "వాచీ గారూ" అనడం మొదలుపెట్టింది, అతను "డాక్టర్ గారూ" దగ్గరే ఆగిపోయాడు. మాస్టారు రానురాను పేపరు మొహం మీద కప్పుకుని కూర్చునేవారు. అక్కడో మనిషి ఉన్నాడన్న సంగతే వీళ్ళు మర్చిపోయారు. ఆరో దీవి దాకా వెళ్ళగలుగుతున్నారు గానీ, ఆ తర్వాత పెట్రోలు చాలక ఏడో దీవికి ఎప్పుడూ చేరలేదు.

పదమూడో ఆదివారం ఆమె మెట్ల దగ్గరే చెప్పింది. వేరే ఊరి ఆసుపత్రిలో పోస్టింగ్ వచ్చింది. మర్నాడు సోమవారం పొద్దున్నే ప్రయాణం.

"కంగ్రాట్స్ అండీ" అన్నాడు. అన్నాక నాలుక కొరుక్కున్నాడు. పళ్ళ డాక్టరెక్కడ, నాలుగడుగుల కొట్లో కూర్చుని వాచీలు విప్పేవాడెక్కడ అని ఇన్నాళ్ళూ వెనకాడాడు. ఈ రోజు నోరు తెరవకపోతే ఇక తెరిచే పనే ఉండదు. ఏడో దీవిలో దిగిన వెంటనే చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు.

బయట రేకుల మీద వాన దంచికొడుతోంది. తెర మీద మాత్రం ఎండ కాస్తోంది. ఆరు దీవులూ ఒక్కొక్కటే దొరికాయి. ఆరో దీవి నుంచి పైకి లేస్తుండగా అతనికి ధైర్యం ముంచుకొచ్చింది.

"డాక్టర్ గారూ, సోమవారం..."

"ఆ, సోమవారం?"

"...బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకి" అంది ముక్తసరిగా. "ఎడమకి పన్నెండు డిగ్రీలు. పదిహేడు నిమిషాలు."

పదిహేడు నిమిషాలయ్యాయి. పద్దెనిమిది కూడా అయ్యాయి. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేదు. పెట్రోలు ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది.

"దీవి ఏదండీ?"

"అక్కడే ఉండాలి."

"దీవులు నడిచి వెళ్ళవు కదా! గాలి ఎటు నుంచి?"

"కుడి వైపు నుంచి..." అని ఆగిపోయింది. పెన్సిల్ కిందపడ్డ చప్పుడు. "అయ్యో! కుడి నుంచి గాలి కొడుతుంటే కుడికే తిప్పాలి. ఎడమకి తిప్పించాను."

అతను నమ్మలేకపోయాడు. నూట ఏభై లెక్కల్లో ఒక్కటి కూడా తప్పని మనిషి ఆవిడ.

"మొదటి నుంచీ అంతేనా? మధ్యలో తప్పామా? అది తేలితేగానీ ఎంత దూరం పోయామో తెలీదు."

"మొదటి నుంచే."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగానే! మీరు 'సోమవారం' అన్నారు. నేను పెన్సిల్ పట్టుకుని ఊపిరి బిగబట్టాను. తీరా చూస్తే బస్సు టైమ్ అడిగారు. ఆ కోపంలో వేశాను ఆ లెక్క. చాలా? ఇంకేమైనా వివరాలు కావాలా?"

రెండు ఇంజన్ల హోరు, రేకుల మీద వాన హోరు, దాని మీద అతని గుండె హోరు.

"కుడికి తొంభై" అంది ఆమె. "తొమ్మిది నిమిషాలు. పెట్రోలు సరిపోతే అదృష్టం."

విమానం తిప్పాడు. తొమ్మిది నిమిషాలున్నాయి కదా అనుకున్నాడు. మొహం కనబడకపోవడం కూడా కలిసొచ్చింది.

"నాదీ ఒక తప్పు ఉందండీ. ఈ గడియారం మొదటి రోజే బాగైపోయింది. ప్రతివారం వెళ్ళేముందు ముల్లు వెనక్కి తిప్పి వెళ్తున్నాను."

"తెలుసు."

"తెలుసా?!"

"ఏడో వారం మీరు తిప్పడం మర్చిపోయారు. కరెక్టు టైమ్ చూపిస్తోంది. కంగారుపడి నేనే తిప్పాను."

అతనికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. విమానం కాస్త పక్కకి ఒరిగింది.

"సూటిగా పోనివ్వండి!"

"పోనిస్తున్నాను. డాక్టర్ గారూ, మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. నాది చిన్న కొట్టు..."

"కొట్టు కొలతలు నేనడిగానా?"

"మీరు వెళ్ళే ఊరు..."

"నాలుగు గంటల దారి."

"వాచీలు అన్ని ఊళ్ళలోనూ ఆగిపోతాయి కదండీ."

"ఇంకా ఆ 'అండీ' ఏంటి, వాచీ?" అంది మెల్లగా. "నాకూ ఇష్టమే. నువ్వు పోస్టు పచ్చడి చేసిన రోజు నుంచి."

ఆ 'నువ్వు' అతని చెవుల్లో ఎంత తియ్యగా మోగిందంటే, ఎదురుగా పచ్చటి దీవి లేచొస్తున్న సంగతే గమనించలేదు.

"అదిగో!" అని ఆమె అరిచింది. "ఏడో దీవి! తొమ్మిది నిమిషాలు, ఒక్క సెకను తేడా లేదు!"

"నీ లెక్క కదా మరి!"

ఒక ఇంజన్ దగ్గి ఆగిపోయింది. అయినా అతను కంగారుపడలేదు. రన్‌వేకి సూటిగా, మొహమంతా నవ్వుతో కిందికి దిగుతున్నాడు. ఆమె కూడా అదే నవ్వుతో ఇసుక తీరం దగ్గరవుతుంటే చూస్తోంది. ఇంకో పది సెకన్లలో నేల.

అప్పుడు హెడ్‌సెట్‌లో, పన్నెండు వారాలుగా వినబడని మూడో గొంతు ఖంగుమంది.

"చక్రాలు దించవయ్యా, అల్లుడూ!"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. అతని చెయ్యి మాత్రం దానంతటదే మీట లాగింది. చక్రాలు దిగాయి, నేలకి తగిలాయి, ఒకసారి గెంతి నిలదొక్కుకున్నాయి. బాంబర్ కొబ్బరి తోటకి రెండు గజాల ఇవతల ఆగింది. ఉత్తరాలన్నీ క్షేమం.

"నాన్నా!" అంది ఆమె, గోడ కింద నుంచే. "మీరు... మొత్తం విన్నారా?"

"విమానం కూలబోతేనే మాట్లాడాలని రూలు పెట్టుకున్నానమ్మా" అన్నారు మాస్టారు, మొహం మీది పేపరు మడుస్తూ. "మధ్యలో రెండుమూడు సార్లు నోటిదాకా వచ్చింది. ముఖ్యంగా ఆ బస్సు టైమ్ అడిగినప్పుడు."

వాచీ మెకానిక్ హెడ్‌సెట్ చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు. అలవాటుగా గడియారం వైపు చెయ్యి చాచాడు.

"దాన్ని ఇక ముట్టుకోకు" అన్నారు మాస్టారు. "మీరిద్దరూ తిప్పీ తిప్పీ దాని ముల్లు అరిగిపోయింది. వచ్చే ఆదివారం అమ్మాయి మొదటి బస్సుకి వస్తుంది. నువ్వు మీ ఇంట్లోవాళ్ళని తీసుకురా."