తలకిందులైన నాలుగో అధ్యాయం

చదువు ఎక్కువైన ఆడపిల్లకు ఎవరూ పని ఇవ్వరు. ఇచ్చినవాడు చెడతాడు. నేను ఇచ్చాను.

మాది బైండింగ్ షాపు. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు కుట్టి, అట్ట వేసి, బంగారు అక్షరాలు అద్దుతాం. నా భార్య పోయాక మిగిలింది నేనూ నా కొడుకూ. మాట్లాడుకునేవాళ్ళం కాదు. పని బాగా సాగేది.

ఆ అమ్మాయి తన థీసిస్ కుట్టించుకుంది మా దగ్గరే. నత్తల మీద పరిశోధన. రెండేళ్ళకు మళ్ళీ వచ్చింది.

"ఇంకో థీసిస్ రాశారా?" అన్నాడు కొడుకు, అదిరిపడి.

"కాదండీ. పని కావాలి."

"మీకు డాక్టరేట్ ఉందిగా!"

"అదే అడ్డం. కాలేజీల్లో ఖాళీల్లేవంటారు. కంపెనీల్లో చదువెక్కువైందంటారు. నాకు కుట్టుపని వచ్చు. సూది ఇవ్వండి, చూపిస్తా."

ఇచ్చాను. చెయ్యి మంచిది. నోటికే విశ్రాంతి లేదు.

"నత్తలకి చెవులుండవు, తెలుసా?"

"మా నాన్న కూడా అంతే" అన్నాడు కొడుకు.

నాకు బాగానే వినబడింది.

ఒకనాడు జోరున వాన. ఆమె తడిసి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి జడ పిండుకుంటోంది. కొడుకు థీసిస్ కుడుతున్నాడు. కుడుతున్నాడనే అనుకున్నాను.

మర్నాడు, వాన ఇంకా పడుతుండగానే, ఆ థీసిస్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"నాలుగో అధ్యాయం తలకిందులుగా కుట్టారండీ! ఎల్లుండి నా వైవా! మా గైడు నన్నూ అలాగే వేలాడదీస్తాడు!"

"ఎటు చూస్తూ కుట్టావురా?" అని కొడుకునడిగాను.

వాడు మళ్ళీ ఆమె వైపే చూశాడు.

నేను ఆమె వైపు తిరిగాను. "అమ్మాయ్, రేపట్నుంచి రావద్దు."

"తప్పు ఆయన చేస్తే, ఉద్యోగం నాది పోవాలా అంకుల్?"

"వాడు కొడుకు. తీసెయ్యడానికి వీల్లేదు."

కొడుకు జిగురు చేతులతోనే లేచాడు. "ఆవిడ వెళ్తే నేనూ వెళ్తా నాన్నా! డాక్టర్ గారూ, మనం పెళ్ళి చేసుకుందాం!"

ఆమె సూది బల్లకు గుచ్చింది.

"ఇదిగో! ఇంట్లో ఇదే, ఇంటర్వ్యూల్లో ఇదే, ఇక్కడా ఇదేనా? ఉద్యోగం అడిగితే చాలు, అందరూ పెళ్ళంటారు. ఆకలేస్తోందంటే దువ్వెన ఇచ్చినట్టు!"

వాడి మొహం మాడింది. "అంటే... నేనంటే ఇష్టం లేదా?"

"ఇష్టం సంగతి తర్వాత. ముందు నా కుర్చీ సంగతి తేలాలి."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ కుర్రాడు కూడా.

నాకు మనుషుల మీద జాలి లేదు. కానీ కుట్టు వంకరపోతే సహించలేను. వంకర కుట్టు కొడుకుది.

"నువ్వు వెనక గదిలో అట్టలు కొయ్యి" అన్నాను వాడితో. "కుట్టే కుర్చీ ఈ అమ్మాయిది."

"ఖాయమేనా?" అందామె.

"పెళ్ళి చేసుకున్నా ఖాయం, మానుకున్నా ఖాయం."

ఆమె కూర్చుంది. దారం తెంపి, నాలుగో అధ్యాయాన్ని నిలబెట్టి, కుట్టు పూర్తి చేసి కుర్రాణ్ణి పంపేసింది. అప్పుడు లేచింది.

"వెనక గదిలో ఆయన్ని ఒక మాట అడిగి వస్తా."

లోపల అట్టల దొంతర కూలిన చప్పుడు. తిరిగి వచ్చేసరికి ఆమె భుజం మీద అయిదు వేళ్ళ జిగురు మచ్చ.

"ఒప్పుకున్నారు మావయ్యా" అంది.

అప్పుడు నేను నవ్వానని కొడుకు ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు. నవ్వలేదు. దగ్గాను. ఈ ప్రస్తావన ఇక నా దగ్గర ఎవరూ తేవద్దు. నేనూ ఎత్తను.