కాలని పసుపు కొమ్ము

ఐదో తరగతిలో తెలుగు పాఠం నడుస్తోంది. దేవేంద్ర మాస్టారు ఒక్కొక్కరినీ లేపి చదివిస్తున్నారు. షాలిని వంతు వచ్చింది.

పుస్తకంలో "మా మామయ్య మామిడి మొక్క నాటాడు" అని ఉంది. షాలిని చదివితే "బా బాబయ్య బాబిడి బొక్క దాటాడు" అని వచ్చింది.

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"ముక్కు దిబ్బడేసిందా?" అని అడిగారు.

"అవుదు సార్."

వెనక బెంచీలోంచి ఎజ్రా లేచాడు. "సార్, క్రిస్మస్‌కి చర్చిలో మేమిద్దరం పాట పాడాలి సార్. ఇది ఇలగే పాడితే సంఘమంతా లేచి ఇంటికి పోతాది."

"నువ్వు కూర్చో ముందు" అన్నారు మాస్టారు.

షాలిని కూర్చుంది. నుదురు బరువుగా ఉంది. కళ్ళ కింద నొప్పి. పుస్తకం కోసం వంగితే తలలో రాయి దొర్లినట్టుంది. ఎజ్రా ఎగతాళి చేసినా, వాడు చెప్పింది నిజమే. క్రిస్మస్ ఇంకెంతో దూరం లేదు.

షాలిని వాళ్ళది నెల్లిమర్లలో లైను ఇల్లు. ఒకే పెంకు కప్పు, ఒకే వరండా, దాని వెంట ఐదు గుమ్మాలు. ఆ వరండాలో ఒకరు తుమ్మితే ఐదిళ్ళకీ తెలుస్తుంది. షాలిని బడి నుంచి రాగానే మొదటి గుమ్మంలో ఎల్లాజీ మావ పట్టుకున్నాడు.

"ఏటే, మొహం అలగుంది?"

"బుక్కు బావా."

"బుక్కేటి? ఓ, ముక్కా. శొంఠి అరగదీసి నుదుటికి పట్టెయ్యి. పొద్దున్నకి పోతాది. ఆవిరి మాత్రం పట్టకు. ఆవిరి పట్టి బయటికొస్తే సలి ఎక్కుతాది."

రెండో గుమ్మంలో నారాయణమ్మ మామ్మ కూర్చుని ఉలవలు ఏరుతోంది. ఆమె అంతా వింది.

"శొంఠేటి, గాడిద గుడ్డు. నుదురు మండడం తప్ప ఏటీ అవదు. ఇలగ రా పిల్లా."

మామ్మ లోపలికెళ్ళి పసుపు కొమ్ము తెచ్చింది. "దీని కొస నిప్పు మీద కాల్సాలి. మంట ఆర్పేస్తే పొగొస్తాది. ఆ పొగ ముక్కుతో పీల్సు. దెబ్బకి వదిలేస్తాది. మా ఇంట్లో అందరికీ ఇదే మందు."

"సరే బాబ్బా" అని షాలిని కొమ్ము తీసుకుంది.

మూడో గుమ్మం వాళ్ళదే. అమ్మ లీలారాణి కుట్టుమిషను ఆపి నుదురు ముట్టుకుంది. "జొరం లేదు. రేత్రి ఆవిరి పడదాం. పెరుగు ముట్టుకోకు."

నాన్న సత్యరాజు ఆటో ఆపి అప్పుడే వచ్చాడు. "పెరుగు తింటే ఏటీ అవదంట. ఫోన్లో సెప్పేడు ఒకాయన. ఉప్పునీళ్ళు ముక్కులో పోసుకోవాలంట."

"ముక్కులో పోస్తే సెవిలోకి పోతాది" అంది అమ్మ. "ఆ ఫోన్లో ఆయన వచ్చి పోస్తాడా?"

షాలినికి ఏమీ అర్థం కాలేదు. ఆవిరి పట్టాలా, పట్టకూడదా? పెరుగు తినాలా, వద్దా? అందరూ పెద్దవాళ్ళే. అందరూ గట్టిగానే చెప్తున్నారు. ఒకరి మాట వింటే ఇంకొకరి మాట కాదన్నట్టవుతుంది.

పసుపు కొమ్ము వంక చూసింది. షాలినికి పొగంటే భయం. ఇంట్లో పోపు మాడితేనే బయటికి పరిగెడుతుంది. కొమ్మును పెన్సిల్ బాక్సులో పడేసి మూత పెట్టేసింది.

రాత్రి నాన్న కాలవ గట్టు నుంచి వావిలాకు తెచ్చాడు. అమ్మ నీళ్ళు మరగబెట్టి ఆకు వేసింది. గిన్నె తనే దించి, తనే నేల మీద పెట్టింది. షాలినిని ముట్టుకోనివ్వలేదు. దుప్పటి కప్పి పక్కనే కూర్చుంది.

దుప్పట్లో చీకటి. మొహమంతా చెమట. ముందు ఏ వాసనా లేదు. కాసేపటికి కుడి ముక్కులోంచి సన్నగా, దారంలాగ, చేదు ఆకు వాసన వచ్చింది.

"వచ్చిందబ్బా" అంది షాలిని. అంతలోనే మళ్ళీ మూసుకుపోయింది.

అమ్మ వాము వేయించి గుడ్డలో మూట కట్టింది. షాలిని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పడుకుంది.

మర్నాడు మామ్మ వేడి వేడి ఉలవచారు గిన్నెతో వచ్చింది. షాలిని తాగింది. నాలిక మీద వేడి తగిలింది తప్ప రుచి లేదు.

"ఎలగుందే?"

మామ్మ మొహం చూస్తే ఏమీ తెలియలేదని చెప్పబుద్ధి కాలేదు. "సూపర్‌గా ఉంది బాబ్బా."

మామ్మ మురిసిపోయింది. "పొగ పీల్సినావా?"

షాలిని తల ఊపింది.

బయటికొస్తే ఎల్లాజీ మావ. "శొంఠి రాసినావా?"

షాలిని మళ్ళీ తల ఊపింది. తల ఊపడం తేలిక. ఊపితే పెద్దవాళ్ళు వదిలేస్తారు.

ఆ రాత్రి కూడా అమ్మ ఆవిరి పట్టింది. ఆ మర్నాడు పొద్దున షాలిని లేచేసరికి ముక్కు తెరుచుకుంది. పళ్ళపొడి వాసన, నాన్న చొక్కాకి ఆయిల్ వాసన, పక్కింటి కాఫీ వాసన, అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"మామ్మా" అని పిలిచి చూసుకుంది. మామ్మ అనే వచ్చింది.

"సూసినావా, నా పొగ" అంది మామ్మ.

"నీ పొగ కాదు, నా శొంఠి" అన్నాడు ఎల్లాజీ మావ.

"నీ శొంఠి నీ నుదుటికి రాసుకో. బుద్దైనా వస్తాది."

ఇద్దరూ షాలిని వంక చూశారు. షాలిని ఇద్దరికీ తల ఊపి బడికి పోయింది.

తర్వాతి వారం ఎజ్రా ముక్కు మూసుకుపోయింది. చర్చిలో పాట ప్రాక్టీసుకి వచ్చి నోరు తెరిస్తే కప్ప అరిచినట్టుంది. ఈసారి షాలిని నవ్వింది.

సాయంత్రం కుళాయి దగ్గర ఎజ్రా వాళ్ళమ్మ కనిపించింది. పక్కనే మామ్మ బిందెతో నిలబడి ఉంది. మామ్మ అప్పటికే అంతా చెప్పేసినట్టుంది.

"షాలినీ, నీకు పసుపు పొగతోనే తగ్గిందా? పండక్కి మా వాడు పాడాలి కదా, అదే బెంగగా ఉన్నాది."

షాలినికి తికమకగా ఉంది. లేదని చెప్తే మామ్మ అందరి ముందూ చిన్నబోతుంది. పీల్చానని మామ్మకి ముందే తల ఊపింది కూడా. ఇప్పుడు లేదంటే ఆ రోజు ఊపిందేమిటి? అయినా జలుబు తగ్గిన మాట నిజమే కదా. మామ్మ ఇంట్లో అందరికీ తగ్గుతుందట కదా.

మామ్మ నవ్వుతూ చూస్తోంది.

షాలిని తల ఊపింది.

మర్నాడు ఎజ్రా బడికి రాలేదు.

సాయంత్రం ఎజ్రా వాళ్ళమ్మ లైను ఇళ్ళకి వచ్చింది. తిన్నగా రెండో గుమ్మం ముందు నిలబడింది.

"మామ్మా, నీ పొగ పెట్టేను మా వోడికి. ఒకటే దగ్గు. ఊపిరి అందలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే మొహానికి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టేరు. సిన్నప్పుడు ఆయాసం ఉన్న పిల్లడికి పొగ ఎవులు పెట్టమన్నారని డాక్టరమ్మ నన్ను తిట్టింది."

మామ్మ చేతిలో చేట ఆగిపోయింది. "ఇప్పుడెలగున్నాడు?"

"పడుకున్నాడు. నీకేటి పోయింది. తెలీని మందులు ఎందుకు సెప్తావు?"

"షాలినికి తగ్గింది కదే. నువ్వే అడిగినావు కదే."

అందరూ షాలిని వంక చూశారు. షాలిని గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈసారి తల కదల్లేదు.

మామ్మ చేట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పొద్దున మామ్మ వరండాలోకి రాలేదు. ఉలవలు ఏరలేదు. ఎల్లాజీ మావ కావాలని గట్టిగా "శొంఠే మంచిది" అన్నాడు. లోపలి నుంచి తిట్టు రాలేదు. మావ ఏమీ తోచక సైకిలు తుడుచుకున్నాడు.

షాలిని బడికి పోకుండా అమ్మ మిషను పక్కన కూర్చుంది.

"అమ్మా, తల ఊపితే అబద్ధం ఆడినట్టా? నోటితో ఏమీ చెప్పకపోతే?"

అమ్మ మిషను ఆపింది. "ఎవులికి ఊపినావు?"

షాలిని అంతా చెప్పింది. పొగ పీల్చలేదనీ, శొంఠి రాయలేదనీ, ఉలవచారు రుచే తెలియలేదనీ. చెప్తుంటే ముక్కు మళ్ళీ కారింది. ఈసారి జలుబు వల్ల కాదు.

అమ్మ మిషను మీద గుడ్డ సరిచేసుకుంది. తర్వాత అంది, "నాకు సెప్తే ఏటి లాభం?"

మిషను మళ్ళీ తిప్పడం మొదలెట్టింది.

షాలిని లేచి పెన్సిల్ బాక్సు తీసుకుంది. రెండో గుమ్మం తలుపు కొట్టింది.

"ఎవులు?"

"నేనే మామ్మా."

మామ్మ తలుపు సగం తీసింది. షాలిని బాక్సు మూత తీసి పసుపు కొమ్ము ఇచ్చింది. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొస ఎక్కడా నల్లబడలేదు. పెన్సిల్ పొట్టు మాత్రం అంటుకుని ఉంది.

"ఇది కాల్సనేలేదు" అంది మామ్మ.

"కాల్చలేదు."

"పీల్సినానన్నావు."

"భయమేసింది. పొగంటే నాకు భయం. నువ్వు అడిగితే కాదనలేక తల ఊపాను. కుళాయి దగ్గర కూడా."

మామ్మ గడప మీద కూర్చుంది. కొమ్మును చీర చెంగుతో తుడిచింది.

"భయమేసిందని ఆ రోజే సెప్తే నానేటి కొరుకుతానా?" అంది.

షాలిని తల ఊపబోయి ఆగింది. "తిడతావనుకున్నాను."

"తిడుదును" అని ఒప్పుకుంది మామ్మ. "కాసేపు తిడుదును. తిట్టి ఊరుకుందును." తర్వాత మెల్లగా అంది, "నాను కూడా ఆ గుంటడికి ఆయాసం ఉన్నాదేమో అడగనేదు. నీకు తగ్గిందన్న సంబరంలో అడగనేదు."

ఇద్దరూ కలిసి ఎజ్రా ఇంటికి వెళ్ళారు. ఎజ్రా మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. వాళ్ళమ్మ మామ్మని చూసి మొహం తిప్పుకుంది.

షాలిని ముందుకెళ్ళింది.

"అత్తా, నేను పొగ పీల్చలేదు. అబద్ధం చెప్పాను. మామ్మకీ అబద్ధమే చెప్పాను. అందుకే మామ్మ మీకు చెప్పింది."

ఎజ్రా వాళ్ళమ్మకి కాసేపు ఏమీ అర్థం కానట్టుంది. "మరి నీకు దేంతో తగ్గింది?"

"అమ్మ రెండు రాత్రులు ఆవిరి పట్టింది. వాము మూట వాసన చూశాను. దేంతో తగ్గిందో నాకు తెలీదు. ఊరికే తగ్గిందేమో కూడా."

ఎజ్రా గొంతు బొంగురుగా ఉంది. "నువ్వు అబద్ధం ఆడితే నాకు దగ్గొచ్చిందేటే? బాగుందే నీ లెక్క."

ఎవరూ నవ్వలేదు. వాడే నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. వాళ్ళమ్మ వీపు రాస్తూ, "కూర్చో మామ్మా, నిలబడ్డావేటి" అంది.

మామ్మ కూర్చుంది.

క్రిస్మస్ నాడు ఎజ్రా పాడలేకపోయాడు. డాక్టరమ్మ గొంతుకి ఇంకా రెస్టు ఇమ్మంది. వాడు కంజిర కొట్టాడు. షాలిని ఒక్కతే పాడింది. ఎజ్రా పాడాల్సిన చరణం వచ్చినప్పుడు వాడి వంక చూసింది. గొంతు కొంచెం తడబడింది. వాడు కంజిర గట్టిగా కొట్టి తడబాటు వినపడకుండా చేశాడు.

చర్చి నుంచి వచ్చేసరికి మామ్మ వరండాలో ఉంది. ఎల్లాజీ మావతో దేనికో వాదులాడుతోంది. షాలినిని చూసి లోపలికెళ్ళి గిన్నె తెచ్చింది.

"పండగ కదా. నీకిష్టమని ఉలవచారు కాసినాను. మొన్న సూపరన్నావు."

షాలిని ఊది, తాగింది. ఇప్పుడు ముక్కు బాగుంది. వాసన తెలుస్తోంది. రుచి తెలుస్తోంది. గిన్నె దించి మామ్మ మొహం చూసింది. మామ్మ నవ్వుతూ చూస్తోంది, అచ్చం కుళాయి దగ్గర చూసినట్టే.

"ఎలగుంది?"

షాలిని పెదాలు తుడుచుకుంది.

"ఉప్పెక్కువైంది మామ్మా."

మామ్మ గిన్నె లాక్కుని తనూ ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"అవునే" అంది. "ఉండు, నీళ్ళు పోసి మరగబెట్టి తెస్తాను."

షాలిని వరండాలో కూర్చుని ఎదురు చూసింది.