మోతి ఎవరి కుక్క?

బస్సుకు టైమవుతున్నా గౌరవ్వ ఇంకా గడప దాటలేదు. గుంజకు కట్టేసిన మోతి ముందు పాలగిన్నె పెట్టి, "తాగురా బిడ్డా, నేను చూస్తుండంగ తాగు" అని బతిమాలుతోంది. మోతి గిన్నె వాసన చూసి తల తిప్పేసింది. వాకిలి అవతల తోటికోడలు భూమక్క ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. ఆమెను చూడగానే మోతి తోక ఊపింది. గౌరవ్వ గిన్నెను విసురుగా పక్కకు నెట్టింది.

అది ఎనభై ఆరు ఎండాకాలం. లింగంపేటలో ఒకే వాకిలికి ఎదురెదురుగా అన్నదమ్ముల ఇళ్ళు రెండు. పెద్దకోడలు గౌరవ్వ ఎల్లారెడ్డి దవాఖానలో ఆయా. పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే వస్తుంది. భర్త భూమేశ్ లారీ డ్రైవరు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పెళ్ళయి పన్నెండేళ్ళయినా వాళ్ళకు పిల్లల్లేరు. చిన్నకోడలు భూమక్క ఇంట్లోనే బీడీలు చుడుతుంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. సాయంత్రం గౌరవ్వ బస్సు దిగి వచ్చేసరికి ఆ పిల్లలు తల్లి మెడకు వేలాడుతూ కనిపించేవాళ్ళు. గౌరవ్వ అటు చూడకుండా తన తలుపు తాళం తీసుకునేది.

నాలుగు నెలల కింద, కామారెడ్డిలో తెలిసినవాళ్ళ ఇంట్లో పెద్దజాతి కుక్క పిల్లలు పెట్టిందని భూమేశ్ చెబితే, గౌరవ్వ ఒకటి తెమ్మని పట్టుబట్టింది. అత్త చిన్నవ్వ అప్పుడే వద్దంది.

"ఇంటికి తాళమేసి పోయేటిదానివి, కుక్కనేం జేస్తవే? దానికి పొద్దందాక మనిషి గావాలె."

"నాకోసం ఎదురుచూసేటిది ఒక్కటన్న ఉండనీ అత్తా" అంది గౌరవ్వ.

భూమేశ్ మోతిని తెచ్చి ఇచ్చాడు. కానీ ఎదురుచూడటం కుక్కపిల్లకు చేతకాలేదు. పగలంతా కుయ్యోమని ఏడ్చేది. వినలేక భూమక్క గొలుసు విప్పి ఇంత గంజి పోసింది. అప్పటినుంచి దాని చోటు బీడీల చాట పక్కనే అయింది. సాయంత్రం గౌరవ్వ పిలిస్తే వచ్చి చెయ్యి నాకి, మళ్ళీ అటే పోయేది.

ఈ పొద్దున గౌరవ్వ ఓర్చుకోలేకపోయింది. మోతిని గదిలోకి లాక్కెళ్ళి, గొలుసుతో కట్టి, ముందు నీళ్ళగిన్నె పెట్టి, తలుపుకు తాళం వేసింది.

"అక్కా, ఎండలు మండుతున్నయ్. లోపట ఉడుకుకు అది..." అంది భూమక్క.

"నా కుక్క. నీకెందుకు?" అనేసి బస్సుకు నడిచింది.

దవాఖానలో ఆ రోజంతా ఆమెకు ఒకటే ధ్యాస. సాయంత్రం తలుపు తీయగానే మోతి తన మీదికి దూకుతుంది. వేరే ఎవరి మీదికీ కాదు, తన మీదికి.

తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గొళ్ళెం ఊడదీసి ఉంది. మోతి భూమక్క ఒళ్ళో తల పెట్టి పడుకుంది.

"ఎవరు పలగ్గొట్టిండ్రు నా తలుపు?"

"నేనే అక్కా."

"ఇద్దరు పిల్లలున్నరు గద నీకు! నాకు ఈ కుక్కను గూడ మిగలనియ్యవా?"

చిన్నవ్వ లేచి వచ్చి, పెద్దకోడలి చెయ్యి పట్టుకుని గది తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. లోపలి చెక్క మీద గోళ్ళ గీతలు. గీతల నిండా నెత్తురు మరకలు.

"గొలుసు తెంపుకొని, మిట్టపగటిదాక గీకింది బిడ్డా. గిన్నె బోర్లపడ్డది, తాగనీకె నీళ్ళు లేవు."

గౌరవ్వ వెనక్కి తిరిగింది. మోతి ముందుకాళ్ళకు పాత చీరగుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆమె గొంతు విని అది లేచి, కుంటుకుంటూ వచ్చి, పొద్దున తనను కట్టేసిన చేతినే నాకింది. గౌరవ్వ అక్కడే కూలబడి, దాన్ని పట్టుకుని బోరుమంది.

భూమక్క వచ్చి పక్కన కూర్చుంది. "నేను గుంజుకోలే అక్కా. నువ్వు తెల్లచీర కట్టి బస్సెక్కుతుంటే రోజూ చూస్త. నలుగురు నిన్ను పేరు వెట్టి పిలుస్తరు, నీతోని మాట్లాడుతరు. నేను ఈ చాట ముందటికెల్లి లేవను. పిల్లలు బడికి వోతే నాతోని ఎవరున్నరు? ఇదే ఉన్నది."

గౌరవ్వ ఆశ్చర్యపోయి చూసింది. తనను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరు ఉంటారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మోతి తల నిమిరింది.

"నీ దగ్గరనే ఉండనీ చెల్లె. దీన్ని అడగకుండ తెచ్చిన. నాకేం గావాలెనో చూసుకున్న గని, దానికేం గావాలెనో చూసుకోలే."

వానాకాలంలో గౌరవ్వ దవాఖాన వెనక పుట్టిన పిల్లికూనను సంచిలో వేసుకొచ్చింది. అది పగలంతా అటక మీద నిద్రపోతుంది. కిటికీలోంచి వస్తుంది, పోతుంది. తాళమున్నా దానికి లెక్కలేదు. సాయంత్రం గౌరవ్వ కాళ్ళు కడుక్కుని కూర్చోగానే దిగి వచ్చి ఒళ్ళో ముడుచుకుంటుంది.

ఒకరోజు భూమక్క మూతి ముడిచింది. "పొద్దందాక పాలు చూపిచ్చి పిలిచిన అక్కా. నా దిక్కు చూడనన్న చూడదు."

"చూడకపోతే చూడకపోనీ" అంది గౌరవ్వ, పిల్లిని పమిట చాటుకు లాక్కుంటూ. "ఇది నాది."

క్షణమాగి తనే నవ్వేసి, దాన్ని తీసి తోటికోడలి ఒళ్ళో పెట్టింది.