ఆమె కోసం పెట్టిన అద్దం

"ఆ సున్నం గీత ఇంకొక్క అడుగు ముందుకొచ్చిందంటే ఊరుకోను, చెప్తున్నా!"

మన ఆర్కిటెక్టు చెవిన ఆమె వేసిన మొదటి మాట ఇది. అడవి పార్కులో విజిటర్ సెంటర్ కట్టడానికి నేలమీద గీతలు గీయిస్తున్నాడతను. ఆమె మెడలో బైనాక్యులర్స్, బూట్లనిండా బురద, కళ్ళనిండా కోపం. పార్కులో పక్షుల మీద పరిశోధన చేస్తుంది. అందరూ పిట్టల డాక్టరంటారు.

"ఏమైందండీ?"

"ఆ చెట్టుతొర్రలో తల్లిపిట్ట గుడ్లమీద కూర్చుంది. మీ గోడ సరిగ్గా దాని గుమ్మం ముందు లేస్తుంది. మీ గుమ్మానికి అడ్డంగా ఎవరైనా గోడ కడితే ఒప్పుకుంటారా, ఇంజనీరు గారూ?"

"ఇంజనీరు కాదండీ, ఆర్కిటెక్టుని."

"ఎవరైతే నాకేంటి? జరపండి."

జరిపాడు. తర్వాత చీమలపుట్ట కోసం జరిపాడు, జింకలు నీళ్ళకి దిగే దారి కోసం మళ్ళీ జరిపాడు. "ఈ లెక్కన నా బిల్డింగు నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోతుందండీ" అని మొత్తుకున్నాడు.

"వెళ్ళనివ్వండి, అడవి బతికిపోతుంది" అంది ఆమె, వచ్చే నవ్వుని పళ్ళబిగువున ఆపుకుంటూ. ఆ ఆపుకున్న నవ్వుకే కదా అబ్బాయిగారు పడిపోయింది!

పునాదులకి తవ్విన మట్టితోనే గోడలు కట్టాడు. గాలివానకి కూలిన చెట్లే దూలాలయ్యాయి. ఏసీ ఊసే లేకుండా గాలి ఇటునుంచి అటు ఆడేలా కిటికీలు పెట్టాడు. కప్పుమీద పడ్డ వాన తొట్టెలోకి దిగుతుంది. ఊళ్ళోంచి ప్రత్యేకంగా తెప్పించింది ఒక్క అద్దమే.

ఆ అద్దం సంగతి చెప్పాలి. ఒక మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే ఆమె ఆఫీసులోకి పరిగెత్తాడు. ఆఫీసంటే పాత స్టోరు గది. కిటికీ లేదు, బల్ల గోడకి ఆనించి ఉంది.

"రోజంతా పిట్టల్ని చూసే ఉద్యోగమనుకుంటారు అందరూ. నేను చూసేది ఈ గోడని" అంది ఆమె తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇస్తూ. "మీ కొత్త బిల్డింగులోనైనా నాకో కిటికీ పెట్టకూడదూ?"

ఏదో సరదాకి అంది. ప్రేమలో పడ్డవాడికి సరదా మాటలు తెలిసి చస్తాయా? వాగువైపు హాలు గోడంతా నేలనుంచి చూరుదాకా అద్దం పెట్టించి, దాని పక్కనే ఆమె బల్ల వేయించాడు.

మొదటిసారి అక్కడ కూర్చున్నప్పుడు ఆమె వాగుని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. "ఇంత పెద్దదా?" అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. ఆ సాయంత్రమే అతను వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, ప్రారంభోత్సవానికి రా. నీకో అమ్మాయిని చూపిస్తా."

"ఎవర్రా?"

"వచ్చాక చెప్తాగా."

మర్నాడు పొద్దున అద్దం కింద ఒక పిట్ట చచ్చి పడి ఉంది.

ఆ మర్నాడూ అంతే. వాగూ చెట్లూ ఆకాశమూ అద్దంలో అచ్చుగుద్దినట్టు కనిపిస్తున్నాయి. అడవే కదా అనుకుని పిట్టలు రివ్వున వచ్చి గుద్దుకుంటున్నాయి. అతను బిల్డింగు కట్టిస్తున్న పార్కు పెద్దసారు దగ్గరికి పరిగెత్తాడు.

"బయటివైపు ఏదైనా పూసేయాలి సార్. అక్కడ అద్దముందని వాటికి తెలియాలి."

"మన బిల్డింగుకి ముఖమయ్యా అది! ముఖానికి మసి పూస్తావా? ముందు ప్రారంభం కానీ, తర్వాత చూద్దాం."

అతను తలూపాడు. తలూపి వచ్చి ఆమె ముందు నసిగాడు.

"అయితే ప్రారంభం దాకా ఆగమని పిట్టలకి చెప్పి రమ్మంటారా?" అంది ఆమె.

అదే ఆఖరి ఎత్తిపొడుపు. ఆ తర్వాత వెక్కిరింతలూ లేవు, ఇంజనీరు గారూ అన్న పిలుపూ లేదు. పొద్దున్నే అట్టపెట్టెతో వచ్చి, అద్దం కింద పడ్డవాటిని ఏరుకుని వెళ్ళేది. అతనికి అన్నం సయించడం మానేసింది. ఒకరోజు ఆమే వచ్చి నిలబడింది.

"బదిలీ అడిగాను, ఇచ్చారు. మీ ప్రారంభం అయ్యాక వెళ్ళిపోతాను."

"నామీద కోపంతోనా?"

"మీ మీద కోపమైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. కిటికీ అడిగింది నేను. ఆ బల్లముందు కూర్చుని ఆ చప్పుడు వినలేనండీ, నావల్ల కాదు."

కట్టింది తను, పిరికితనంతో తలూపింది తను. ఆ పాపం మాత్రం ఆమె మోస్తోంది. అతనికి ఏడవడానికి కూడా సిగ్గేసింది.

ప్రారంభం రోజు పొద్దుటినుంచీ ఒకటే వాన. అమ్మ తడిసిన గొడుగుతో దిగి, అద్దం పక్క కుర్చీలో కూలబడింది. "ఏదిరా అమ్మాయి?"

"ఆ సంగతి వదిలెయ్యమ్మా."

"వదిలెయ్యడానికా బస్సులో నడుం విరగ్గొట్టుకుని వచ్చింది?"

పెద్దసారు మైకు ముందు నిలబడి, "ప్రకృతిలో కలిసిపోయిన భవనం..." అంటుండగా ఠప్పుమని చప్పుడైంది. హాలంతా ఉలిక్కిపడింది. ఆమె వానలోకి పరిగెత్తి, గుప్పెడంత పచ్చపిట్టని అట్టపెట్టెలో తెచ్చి, ఎవరో ఏమిటో తెలియకుండానే అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఊపిరి ఉందండీ. కదపకుండా పట్టుకోండి, ఒక్కోసారి తేరుకుంటాయి."

"మైకు సౌండు పెంచండయ్యా" అన్నాడు పెద్దసారు పక్కకి తిరిగి.

అమ్మ కొడుకు వైపు చూసింది. "ఇది నువ్వు కట్టిందేనా?"

అతను బయటికి నడిచాడు. గోడలకి పూయగా మిగిలిన మట్టీ సున్నమూ మట్టి కలిపే తొట్టెలో ఉన్నాయి. నీళ్ళు పోసి కలిపి, రెండు చేతులా తీసి అద్దానికి కొట్టాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ కొట్టాడు.

పెద్దసారు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చాడు. "మతి పోయిందా నీకు? రేపట్నుంచి ఈ గడప తొక్కావంటే చూడు!"

"అలాగే సార్. ఇవాళ ఉన్నానుగా, పూసి పోతాను."

పెద్దసారు చిందులు తొక్కుతూ లోపలికి పోయాడు. చూరు వెడల్పుగా ఉండటంతో వాన అద్దాన్ని అంటడం లేదు. అతను ఏడుస్తూ పూస్తున్నాడు.

"మందంగా పూస్తే ఎండాక ఊడొస్తుంది. మీరు చెప్పిందేగా, ఇంజనీరు గారూ?"

ఆమె బకెట్టుతో నిలబడి ఉంది. ఎన్నాళ్ళకి విన్నాడా పిలుపు! ఆర్కిటెక్టునండీ అనబోయి మానేసి, పూత పల్చగా సర్దాడు. ఆమె రెండో చివరనుంచి మొదలుపెట్టింది. పూస్తూ పూస్తూ ఇద్దరూ మధ్యకి వచ్చేశారు.

"మీరంటే ఇష్టమండీ. అందుకే అంత పెద్దది పెట్టాను. ఇష్టపడటం కూడా సరిగ్గా చేతకాలేదు నాకు."

"తెలుసు. అందుకే ఇంకా ఎక్కువ ఏడుపొస్తోంది."

"మీకు మళ్ళీ గోడే మిగిలింది."

"నేనెలాగూ వెళ్ళిపోతున్నాగా?"

"నన్నూ తరిమేశారు."

"బాగుంది సంబడం!" అంది ఆమె. నవ్వబోయింది కానీ రాలేదు.

ముఖమంత ఖాళీ మిగిలింది. అందులోంచి లోపల అమ్మ కనిపిస్తోంది, ఒళ్ళో పెట్టెతో. పిట్ట ఎలా ఉందన్నట్టు ఆమె కనుబొమలెగరేసింది. అమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

ఆమె అద్దానికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అతను మట్టిచేతులతో పక్కనే నిలబడ్డాడు.

అమ్మ లేచి దగ్గరికొచ్చింది. ఆమెని చూసింది, కొడుకుని చూసింది. ఈ అమ్మాయేనా అన్నట్టు వేలు చూపించింది. ఉద్యోగం ఊడినవాడు, రేపోమాపో వెళ్ళిపోయే మనిషిని చూపించి ఏ మొహంతో అవునంటాడు? "మా అమ్మ. మిమ్మల్ని చూపిస్తానని రమ్మన్నాను" అని ఆమెతో గొణిగి అతను తల దించుకున్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, అవునని తలూపింది.

అమ్మ ఆమె నుదురు ఆనిన చోట లోపలినుంచి అరచెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత కసురుకుంటున్నట్టు ఆ ఖాళీ చుట్టూ వేలు తిప్పి చూపించింది. ఇదింకా మిగిలిపోయింది, మూసెయ్యండి.

ఇద్దరూ తొట్టెలో చేతులు ముంచి, ఆ ఖాళీ మీద పక్కపక్కనే ఆనించారు. లోపలున్న అమ్మ కనబడకుండా పోయింది.