పంపు అడిగిన దయ్యం

చిన్న కథే. చాయ్ చల్లారేలోపు అయిపోతది.

చాయ్ అంటే యాదికొచ్చింది. అప్పట్ల మా గల్లీకి పాలు పోసేది రబియాబీ. ఆమె పాలు ఎప్పుడూ దవాఖాన వాసనే. బర్రెలకు ఏ డాక్టరు మందిస్తుండో అని నవ్వుకుంటనే తాగేటోళ్లం. సరే, అది పక్కకు పెడుదాం. కథ దయ్యానిది.

కొండపాక తొవ్వల రాజమల్లయ్య సేటు తోట ఉండె. భీవండిల బట్టలు నేసే సాంచాలు నడిపి వచ్చినంక, బొంబాయిల చూసిన ముచ్చట తీర్చుకోనీకి తోటల ఈత హౌజు కట్టించిండు. స్విమ్మింగ్ పూల్ అనాల్నట. ఆయనకు ఈత రాదు. నీళ్లల్ల బ్లీచింగ్ పౌడర్ చల్లిపిచ్చి, మెట్టు మీద కూసోని కాళ్లు నానబెట్టుకునేటోడు.

ఆ హౌజుకు చెడ్డపేరు. రాత్రి మోటరు నడిస్తే చాలు... తెల్లారేసరికి నీళ్లు బెత్తెడు తగ్గేటియి. పగులు లేదు, చెమ్మ లేదు. ఏదో వచ్చి తాగిపోతుందని వాచ్‌మన్ సిద్ధయ్య ఊరంతా చెప్పిండు. చీకటి పడితే అటు దిక్కు కుక్క సుత పోకపోయేది.

ఓ ఎండకాలం పంపు కాలిపోయింది. అప్పుడే దుబాయ్ నుంచి మా గల్లీ షౌకత్ దిగిండు. అక్కడి ఈత హౌజుల పంపులన్నీ తన చేతి మీదనే నడిచినయని చెప్పేటోడు. రబియాబీ బిడ్డ ఖాతూన్‌ను చేసుకుంటనని మాట పంపితే, రబియాబీ ఒక్కటే అన్నది.

"దుబాయ్ ముచ్చట్లు నాకెందుకు బేటా. తోటల పంపు కాలింది కద, దాన్ని నడిపిచ్చి రా. అప్పుడు మాట్లాడుదాం."

పనితనం చూస్తుందనుకున్నరు అందరు. షౌకత్ సుత అట్లనే అనుకున్నడు.

పాత పంపు ఊడదీసి కొత్తది కూసోబెట్టిండు. తుప్పు పట్టిన పైపులు కోసి పీవీసీ ఏసిండు. పంపు గుంతల అడుగున ఇంకో పైపు కనవడ్డది. అది హౌజుకు పోదు... గోడ కిందికెళ్లి ఎటో పోయింది.

"గిదేంది సిద్ధన్నా?"

"పాతది. దాన్ని ముట్టకు భాయ్."

సిద్ధయ్య పైపుకు అడ్డం వచ్చి నిలవడ్డడు. పాపం, దయ్యమంటే ఎంత భయమో అనుకున్నడు షౌకత్.

త్రీ ఫేజ్ కరెంటు వచ్చేదే రాత్రి. అందుకని చీకట్ల ఇద్దరు గుంతల కూసున్నరు. కరెంటు రాకముందే ఆ పైపు మూతికి డమ్మీ బిరడ బిగిద్దామని షౌకత్ వంగిండు—

పైపుల నుంచి గొంతు.

"పంపు..."

షౌకత్ చేతిలకెళ్లి డమ్మీ జారింది.

"పంపు... పంపు..."

"ఏమంటుందే?" అన్నడు గుసగుసగ.

"పంపుమంటుంది."

"ఎవల్ని?"

సిద్ధయ్య బీడీ ముట్టిచ్చుకున్నడు.

షౌకత్ పెండ్లి కావాల్సినోడు. ఎవల్నన్న పంపాల్సి వచ్చినా, తనను తాను పంపుకునే రకం కాదు. ఆలోచించిండు... తట్టింది. దయ్యం పాత పంపును అడుగుతుంది. ఇన్నొద్దులు దానితోనే గద తాగింది. దయ్యాలు పోనీకి ఆయతుల్ కుర్సీ దువా చదువుకుంట, మూలకు పడేసిన పాత పంపును గుంజుకొచ్చి పైపు ముందల పెట్టిండు.

"గిదో... నీ పంపు. తీస్కపో అవ్వా."

పైపు మల్ల మాట్లాడింది, ఇసుక్కుంట.

"పంపేంది సిద్ధన్నా? నీళ్లు పంపు. బర్రెలు దూపతోని ఉన్నయి. పాలల్ల కలుపనీకి సుత చెంబెడు లేవు."

ఆ గొంతు షౌకత్ గుర్తువట్టిండు. కాబోయే అత్త గొంతు ఎవలు మర్శిపోతరు. తోట గోడకు అవతలనే రబియాబీ బర్రెల కొట్టం. సిద్ధయ్య దిక్కు చూసిండు. సిద్ధయ్య చుక్కల దిక్కు చూస్తుండు.

డమ్మీ పెడితే ఖాతూన్ దక్కది. పెట్టకుంటే హౌజు మల్ల తగ్గుతది, దుబాయ్ పనోడన్న పేరు పోతది. కరెంటు వచ్చేదాక షౌకత్ అట్లనే కూసున్నడు. వచ్చినంక... టేపు చుట్టి డమ్మీ బిగించిండు. పంపు నడిచింది.

తెల్లారి హౌజు అంచు దాక నిండుగున్నది. రాజమల్లయ్య చూసిండు. మొఖం తెల్లవోయింది.

"ఇన్నొద్దులు తాగిన దయ్యం నిన్న ఎందుకు తాగలె? ఈడ దొరకకుంటే ఎవరింటికి పోతది? మా ఇల్లే దగ్గర. దాని తొవ్వ దానికి ఇడువు షౌకత్."

సేటు చెప్పినంక పనోడు చెయ్యక తప్పదు. షౌకత్ డమ్మీ తీసి, ఆ జాగల మంచి ఇత్తడి వాల్వు బిగించిండు.

నిఖా ఆ నెలల్నే అయింది. రాజమల్లయ్య సుత వచ్చిండు. రబియాబీ పాలతోని చేసిన కద్దూ ఖీర్ రెండు గిన్నెలు తిని, మస్తుంది, మా హౌజు కాడ కూసున్నట్టే ఉన్నది అన్నడు.