పదమూడు పాయింట్ ఎనభై ఆరు

అన్నయ్యను వంతెన మీద కాల్చి చంపిన ఇరవై మూడో రోజున, గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఆమెను పిలిపించి చేతిలో ఒక బ్యాటరీ లాగ్‌బుక్ పెట్టాడు.

"ఏడుస్తూ ఉంటావేమోనని ఇన్నాళ్ళూ కబురు పెట్టలేదమ్మాయ్," అన్నాడు.

"ఏడుపు రావడం లేదు సార్," అంది మెకానిక్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె చెప్పింది నిజమే. చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకు ఒళ్ళంతా అలా ఉంది.

పెద్దాయన క్లుప్తంగా చెప్పుకొచ్చాడు. సరిహద్దు నదికి ఇవతల కొండ మీద ఒక రిలే స్టేషన్. అక్కడికి కరెంటు లైను లేదు. సోలార్ పలకలు, ఛార్జ్ కంట్రోలర్, రెండు బ్యాటరీలు, ఒక వైర్‌లెస్ సెట్, అంతే. అవతలి దేశం నుంచి పత్రాలు తెచ్చే కొరియర్లు ఏ వేళకు వంతెన దాటుతారో ఆ ఉదయమే స్టేషన్‌కు రహస్యంగా చెబుతారు. ఇంకెవరికీ చెప్పరు. అయినా ఆర్నెల్లలో ముగ్గురు ఆ వంతెన మీదే పోయారు. మూడోవాడు అన్నయ్య.

ఇక బ్యాటరీ సంగతి. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు స్టేషన్ నుంచి, ఎవరైనా వినగల ఓపెన్ ఛానెల్‌లో ఓల్టేజ్ రీడింగ్ వస్తుంది. ఆర్నెల్లుగా అందులో కొన్ని రీడింగులకు తలా తోకా లేదు. మబ్బు పట్టిన రోజున 14.30. మండే ఎండలో 12.55. ఇంజినీరు బ్యాటరీలు రెండుసార్లు మార్చాడు, కంట్రోలర్ ఒకసారి మార్చాడు. రోగం కుదరలేదు.

"లోపం సామానులో ఉందా, మనిషిలో ఉందా తేల్చు. ఆపరేటర్‌ది పదేళ్ళ సర్వీసు, రెండు పతకాలు. రుజువు లేకుండా నోరెత్తడానికి లేదు."

"గడువెంత సార్?"

"ఇవాళే. మీ వదిన ఇవాళ వంతెన దాటుతుంది. ఎన్నింటికో నాకూ తెలీదు. దారిలో ఉన్న మనిషిని ఆపే మార్గం లేదు."

అన్నయ్య చేసిన పనిని వదిన అడిగి మరీ తీసుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పదకొండింటికి మెకానిక్ మాసిన ఖాకీ చొక్కాతో, పనిముట్ల సంచితో కొండెక్కింది. తలుపు దగ్గర కోడ్ మాట.

"ఎండ ఎలా ఉంది?"

"పలకలకు చాలు, మనుషులకు ఎక్కువ."

తలుపు తీసిన ఆపరేటర్‌ను అందరూ రాణి అంటారు. కాకి కూడా వాలని ఆ కొండ మీద, ఎవరి పెళ్ళికో బయల్దేరినట్టు ఉంది. ఎర్రటి పెదాలు, నల్లటి కళ్ళద్దాలు, చేతిలో వెండి పౌడర్ డబ్బా. మెకానిక్ చొక్కాను పైనుంచి కిందికి చూసి, చెల్లీ నీకు ఇంత మంచి ముఖం ఎందుకు ఇచ్చాడో ఆ దేవుడు, గ్రీజు పూసుకోవడానికా అని నవ్వింది.

మెకానిక్ పని మొదలుపెట్టింది. ఓల్టేజ్ కొలిచే మల్టీమీటర్‌ను మొదట కంట్రోలర్‌కు పెట్టింది. 14.20. తర్వాత నేరుగా, తీగలు బిగించే బ్యాటరీ పోస్టులకు పెట్టింది. 13.84. రెండింటి మధ్య ఎక్కడో ఓల్టేజ్ తప్పిపోతోంది. తీగ వెంబడి వేళ్ళతో తడుముకుంటూ పోతే ఒకచోట చుర్రుమంది. బ్యాటరీ దగ్గర బోల్టు వదులై, కింద పచ్చటి తుప్పు పట్టింది. గీకి, తుడిచి, స్పానర్‌తో బిగించింది. ఇప్పుడు రెండు చోట్లా 13.86.

"బాగైపోయిందా?" అంది రాణి.

"ఆ. పలకలు తుడిస్తే అయిపోతుంది."

డాబా మీదికి వెళ్ళి ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఆ మల్టీమీటర్ పొట్టలో ఒక రిసీవర్ ఉంది. దానికి వినడమే వచ్చు, మాట్లాడడం రాదు. సరిగ్గా పన్నెండున్నరకు రాణి గొంతు తేనెలా వినిపించింది.

"బ్యాటరీ పదమూడు పాయింట్ సున్నా ఐదు."

మెకానిక్ లాగ్‌బుక్ తెరిచింది. అన్నయ్య పోయిన రోజు వెతికింది. 13.20. అన్నయ్య మీద తుపాకి పేలింది ఒంటిగంటా ఇరవైకి. మిగతా ఇద్దరి రోజులూ చూసింది. ఆ తర్వాత, కొరియర్లు దాటినట్టు పెద్దాయన గుర్తు పెట్టిన రోజులన్నీ వరుసగా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. 12.55. 14.30. 13.40. పాయింట్ తర్వాత యాభై తొమ్మిది దాటిన అంకె ఒక్కటంటే ఒక్కటీ లేదు.

అరవై దగ్గర ఆగిపోవాలని బ్యాటరీకి తెలియదు. ఆ సంగతి తెలిసింది గడియారానికే.

పదమూడు గంటలంటే మధ్యాహ్నం ఒంటిగంట. వదిన ఒంటిగంటా ఐదుకు దాటుతుంది. ఆ కబురు వంతెన దగ్గర కాపు కాసే అవతలి ముఠాకు అందిపోయింది కూడా.

గుండె దడదడలాడాల్సిన చోటు అది. ఆడలేదు. ఆమె మెట్లు దిగింది.

"పలకలు తుడిచావా చెల్లీ?"

"తుడిచాను. మీటర్‌లో 13.86 ఉంది. మీరు 13.05 చదివారు."

రాణి ఉలిక్కిపడలేదు. పౌడర్ డబ్బాలోంచి వేలెడంత పిస్తోలు తీసింది. రెండో చేత్తో సెట్ ఫ్యూజ్ పీకి కిటికీలోంచి లోయలోకి విసిరింది.

"ఇక ఇది మూగది," అంది.

బ్యాటరీ దగ్గర ఇనుము జారనివ్వకు అన్నది అన్నయ్య నేర్పిన మొదటి పాఠం. మెకానిక్ స్పానర్‌ను సరిగ్గా రెండు పోస్టుల మధ్య జారవిడిచింది. తెల్లటి మంట, చెవులు పగిలే చప్పుడు. రాణి కాల్చిన గుండు గోడలోకి పోయింది. పొగ విడిపోయేసరికి రాణి చేతులు తీగలు కట్టే ప్లాస్టిక్ కేబుల్ టైలలో బిగుసుకుని ఉన్నాయి. స్పానర్ సగం కరిగి నేల మీద పడి ఉంది. టైము పన్నెండూ యాభై ఒకటి.

తీగ చుట్ట విప్పి, ఫ్యూజ్‌తో పని లేకుండా సెట్‌ను నేరుగా బ్యాటరీకే కలపడం మొదలుపెట్టింది. రాణి గోడకు ఆనుకుని మెల్లగా బేరం పెట్టింది.

"నా చేత ఇంకో టైము చెప్పించు. రెండుంపావు అంటాను. వంతెన దగ్గరున్న మావాళ్ళు నలుగురూ ఛానెల్ వింటూనే ఉంటారు, అక్కడే కూర్చుంటారు. ఆలోపు మీ వాళ్ళొచ్చి పట్టుకోవచ్చు. మీ అన్నను కాల్చినవాడూ ఆ నలుగురిలోనే ఉన్నాడు."

"అక్కడే కూర్చుంటే, మా వదిన వాళ్ళ ముందునుంచే రావాలి కదా."

"రెండుంపావు దాకా తుపాకులు బయటికి తీయరు. నన్ను నమ్ము."

మెకానిక్ క్లిప్పు బిగించింది. సెట్‌లో దీపం వెలిగింది. ఒంటిగంట దాటి రెండు నిమిషాలు. మైక్ తీసుకుంది.

"రిలే స్టేషన్. రీడింగ్ సవరణ. పదమూడు పాయింట్ ఎనభై ఆరు. మళ్ళీ చెబుతున్నా. పదమూడు పాయింట్ ఎనభై ఆరు."

ఏ గడియారంలోనూ ఎనభై ఆరో నిమిషం లేదు. రాణి దొరికిపోయిందని ముఠాకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. రాణి కళ్ళు మూసుకుంది.

మెకానిక్ సంచిలోంచి బైనాక్యులర్స్ తీసి కంటికి పెట్టుకుంది. వంతెన పక్కన రోడ్డు మరమ్మతు చేస్తున్న నలుగురు పారలు పారేసి వ్యాన్‌లోకి దూకారు. వాళ్ళలో ఒకడు అన్నయ్యను చంపినవాడు. ఎవడో చూద్దామనుకుంది. నాలుగు వీపులూ ఒకేలా ఉన్నాయి. వ్యాన్ అవతలి ఒడ్డుకు దూసుకుపోయింది. అది లేపిన దుమ్ము అణగకముందే, సైకిల్ నడిపించుకుంటూ ఒక ఆడమనిషి వంతెన మీదికి వచ్చింది. ఒంటిగంటా ఐదు.

సెట్‌లో పెద్దాయన చాలాసేపు చీవాట్లు పెట్టాడు. నోటి దగ్గర ముద్దను నేలపాలు చేశావన్నాడు. అరగంటలో మనుషులను పంపేవాణ్ణి అన్నాడు.

"వదిన అరగంట ఆగదు సార్," అందామె.

వదిన కొండెక్కి వచ్చేసరికి రెండయింది. కట్టేసి ఉన్న రాణిని చూసింది, నల్లగా మాడిన బ్యాటరీ పోస్టులను చూసింది. కుండలో నీళ్ళు ముంచుకుని గ్లాసు ఖాళీ చేసింది.

"వాళ్ళు దొరికారా?"

"లేదు వదినా. నేనే పోనిచ్చాను."

వదిన గ్లాసు బోర్లించి పెట్టింది. వంగి నేల మీది స్పానర్ తీసింది.

"మీ అన్నయ్యదేగా ఇది. ఉండి ఉంటే నీ వీపు చిట్లగొట్టేవాడు."

"ఆ. కొట్టేవాడు."

వదిన స్పానర్‌ను ఆమె చేతిలో పెట్టింది. చేతికి తిమ్మిరి వదిలేటప్పుడు ముందుగా చీమలు కుట్టినట్టుంటుంది. మెకానిక్‌కు ఎక్కడో ఒకచోట అలా మొదలైంది. ఆమె అది పట్టించుకోకుండా మరమ్మతు ఫారం తీసి నింపడానికి కూర్చుంది.

లోపం: బోల్టు వదులు, బిగించడమైనది. బ్యాటరీ: బాగున్నది. మార్చవలసిన భాగాలు: స్పానర్ ఒకటి, ఆపరేటర్ ఒకటి.